కొండెము – మౌనము: లేవీయకాండము 19:16కు యూదుల వ్యాఖ్యానం, నేటి సంఘాల ముందున్న ప్రశ్న

నాలుకను గురించి ప్రసంగించని కాపరి ఉండడు. యాకోబు పత్రిక మూడవ అధ్యాయం, సామెతల గ్రంథం, కీర్తనలు – వాక్యభాగాలకు కొదవ లేదు. సంఘ కమిటీ ఎన్నికలు దగ్గరపడి, ఆకాశరామన్న ఉత్తరాలు పై అధికారుల బల్లమీదికి చేరడం మొదలైతే ఆ ప్రసంగం మరీ అవసరమవుతుంది. అయితే అదే ఆదివారం, అదే ప్రసంగాన్ని, వెనుక వరుసలో చాపమీద కూర్చున్న ఒక హాస్టలు బాలిక కూడా వింటున్నదనుకుందాం. వార్డెను వలన తనకు జరిగినదాన్ని ఎవరితో చెప్పాలో తెలియక రెండు నెలలుగా లోలోపల కుమిలిపోతున్న బాలిక ఆమె. ఇతరుల తప్పులు మాట్లాడేవాడు దేవుని దృష్టికి హేయుడు అని కాపరి గట్టిగా చెప్పినప్పుడు ఆమె ఏమి అర్థం చేసుకొంటుంది?

ఈ ప్రశ్నను గత ముప్పై ఏళ్ళుగా యూదు సమాజం తనను తాను అడుగుకొంటున్నది. వారికి ఈ ప్రశ్న ఎదురుకావడంలో ఆశ్చర్యం లేదు. నాలుక పాపాన్ని నీతిబోధగా విడిచిపెట్టక ఒక క్రమబద్ధమైన ధర్మశాస్త్రంగా తీర్చిదిద్దినవారు వారే. ఎంత బలమైన బోధ అయితే దాని దుర్వినియోగం కూడా అంత ప్రమాదకరంగా ఉంటుంది. ఈ బోధ ఎలా ఏర్పడింది, ఎక్కడ దారి తప్పింది, దాన్ని సరిదిద్దడానికి వారి మూలగ్రంథాలలోనే ఏమి దొరికింది అన్నది ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాం. ఒక హెచ్చరిక ముందే చేయాలి. ఇందులోని సంగతులను యూదులమీద వేలెత్తి చూపడానికి ఎవరైనా వాడుకొంటే అది ఈ వచనాన్నే మీరినట్లవుతుంది. 2002లో బోస్టను నగరంలో కతోలిక సంఘం విషయంలో బయటపడినవి, ఆ తరువాత ప్రొటెస్టంటు సంఘాల విషయంలో వెలుగుచూసినవి ఇంతకన్న చిన్నవి కావు.

ఒకే వచనం, రెండు ఆజ్ఞలు

లేవీయకాండము 19:16లో రెండు నిషేధాలు పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది కొండెములు చెప్పుచు తిరగడాన్ని గూర్చినది. అక్కడి హెబ్రీ పదం 'రఖీల్'. ఊరూరా తిరిగి సరుకు అమ్ముకొనే చిల్లర వర్తకుని 'రోఖేల్' అంటారు. రెండూ ఒకే ధాతువుకు చెందినవని పూర్వ రబ్బీలు గ్రహించారు. ఒక ఇంట కొన్న మాటను మరో ఇంట అమ్ముకొనేవాడు కొండెగాడు. మన పల్లెల్లో గంప నెత్తిన పెట్టుకొని వచ్చే గాజుల మనిషిని తలచుకొంటే ఈ పోలిక మనకు వెంటనే అందుతుంది. పదకొండవ శతాబ్దపు వ్యాఖ్యాత రాషి మాత్రం ఈ పదాన్ని వేగు చూడడానికి చెందిన మాటతో ముడిపెట్టాడు. ఇతరుల ఇళ్ళలో ఏమి చెడు కనబడుతుందా అని తొంగిచూసేవాడు అని ఆయన భావం.

రెండవ నిషేధం మరింత క్లుప్తమైనది. హెబ్రీలో అక్షరాలా చూస్తే, పొరుగువాని రక్తం మీద నిలువవద్దు అని వస్తుంది. 'మీద నిలుచుట' అంటే ఏమిటి? మన తెలుగు బైబిలు అనువాదకులు దీనిని ప్రాణహాని తలపెట్టకూడదన్న అర్థంలో తీసుకొన్నారు. హెబ్రీ వ్యాకరణం అందుకు చోటిస్తుంది, దానిని తప్పు అనలేం. రబ్బీలు మాత్రం వేరుగా చదివారు. నిలువడం అంటే చేతులు కట్టుకొని నిలువబడి చూడడం. పొరుగువాని ప్రాణం పోతుంటే ఊరక నిలువకూడదు అని వారి వ్యాఖ్యానం. మొదటి చదువులో ఇది హంతకునికి ఇచ్చిన ఆజ్ఞ, రెండవ చదువులో పక్కన ఉన్నవానికి ఇచ్చిన ఆజ్ఞ. తెలుగు బైబిలు మాత్రమే చదివే కాపరికి ఈ రెండవ అర్థం తట్టే అవకాశం తక్కువ గనుక ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించవలసి ఉంది.

లేవీయకాండానికి రబ్బీలు వ్రాసిన ప్రాచీన వ్యాఖ్యానమైన 'సిఫ్రా' ఈ భాగం నుండి ఒక నియమం తీసింది: ఒకని పక్షాన చెప్పగల సాక్ష్యం నీ దగ్గర ఉంటే మౌనంగా ఉండే హక్కు నీకు లేదు. బబులోను తల్ముదు, సన్హెద్రిన్ 73అ పుటలో మూడు ఉదాహరణలు ఇస్తుంది. నదిలో కొట్టుకుపోతున్నవాడు, క్రూరమృగం ఈడ్చుకుపోతున్నవాడు, దొంగలు మీదపడుతున్నవాడు – వీరిని చూసినవాడు కాపాడితీరాలి. అంతటితో ఊరుకోక తల్ముదు మరో ప్రశ్న వేస్తుంది. పోయిన వస్తువును సొంతదారునికి తిరిగి అప్పగించాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం చెబుతుంది కదా, పోతున్న ప్రాణాన్ని అతనికి తిరిగి అప్పగించడం కూడా అందులోనే ఇమిడి ఉంది కదా, అలాంటప్పుడు లేవీయకాండంలోని ఈ వచనం ఎందుకు? జవాబు: ద్వితీయోపదేశకాండాన్ని బట్టి చూస్తే నీవు స్వయంగా చేయగలిగినంత చేస్తే చాలుననిపిస్తుంది. నీకు ఈత రాకపోతే కూలి ఇచ్చి అయినా ఈతగాళ్ళను పిలిపించాలని ఈ వచనం అదనంగా నేర్పుతుంది. అనగా ఈ ఆజ్ఞ నెరవేర్చడానికి ఖర్చు అవుతుంది, ఆ ఖర్చు మనమే పెట్టాలి.

ఈ చర్చ ఏ సందర్భంలో వచ్చిందన్నది కూడా ముఖ్యం. అక్కడి మిష్నా, హత్య చేయడానికి తరుముతున్నవానిని, లైంగికంగా చెరచడానికి తరుముతున్నవానిని ఒకే వరుసలో పేర్కొంటుంది. ఇద్దరినీ ఎలాగైనా అడ్డగించాలి. అటువంటి దాడిని ప్రాణహానితో సమానంగా చూడడం ఈ కాలపు మనస్తత్వశాస్త్రం తెచ్చిపెట్టిన భావం కాదు, సుమారు క్రీ.శ. 200 నాటికి గ్రంథస్థమైన మిష్నాలోనే అది ఉంది.

దోయేగు నేరం, గెదల్యా నేరం

ఈ రెండు ఆజ్ఞలు ఒకే వచనంలో ఎందుకున్నాయి? పన్నెండవ శతాబ్దపు మహా పండితుడు మైమోనిదెస్ తన ధర్మశాస్త్ర సంపుటి 'మిష్నే తోరా'లో దీనికి జవాబిస్తూ దోయేగు కథను చూడమన్నాడు. 1 సమూయేలు 21, 22 అధ్యాయాలలో ఎదోమీయుడైన దోయేగు, అహీమెలెకు దావీదుకు రొట్టెను, ఖడ్గాన్ని ఇచ్చిన సంగతి సౌలుకు చెబుతాడు. దాని ఫలితంగా నోబులో ఏఫోదు ధరించిన 85 మంది యాజకులు ఒక్కనాడే చంపబడ్డారు. గమనించండి, దోయేగు అబద్ధమాడలేదు. జరిగినదే చెప్పాడు. అందుకే రబ్బీలు నాలుక పాపాలను మూడుగా విడదీశారు. ఒకరి మాట మరొకరికి చేరవేయడం 'రెఖీలుత్', ఒకని గూర్చిన చెడును అది నిజమే అయినా చెప్పడం 'లషోన్ హరా', లేనిది కల్పించి చెప్పడం 'మోత్సీ షేమ్ రా'. నేను చెప్పింది నిజమేగా అనే సాకు వారి దగ్గర చెల్లదు. కొండెము ముగ్గురిని చంపుతుంది – చెప్పినవానిని, విన్నవానిని, ఎవరిని గురించి చెప్పారో వానిని – అని తల్ముదులో ఒక సామెతలాంటి మాట ఉంది. నోబు కథకు అది సరిగ్గా సరిపోతుంది. మైమోనిదెస్ దృష్టిలో మాట రక్తానికి దారితీస్తుంది గనుక ఈ రెండు ఆజ్ఞలు పక్కపక్కన ఉన్నాయి.

మౌనం కూడా రక్తానికి దారితీస్తుందన్నది రెండవ వివరణ. పద్దెనిమిదవ శతాబ్దంలో మొరాకో నుండి యెరూషలేముకు వచ్చిన హయ్యిమ్ బెన్ అత్తర్ తన 'ఓర్ హహయ్యిమ్' వ్యాఖ్యానంలో ఈ మార్గం పట్టాడు. కొండెములు చెప్పవద్దన్నాను గదా అని, ఒకని చంపడానికి కుట్ర జరుగుతున్నదని తెలిసినా నోరు మూసుకోకు. చెప్పకపోతే రెండవ ఆజ్ఞను మీరినవాడవవుతావు. ఇందుకు ఆయన చూపిన ఉదాహరణ గెదల్యా.

యిర్మీయా గ్రంథం 40, 41 అధ్యాయాలు మన ప్రసంగ పీఠాల నుండి అరుదుగా వినబడతాయి. యెరూషలేము పతనమైన తరువాత బబులోను రాజు యూదాలో మిగిలినవారిమీద గెదల్యాను అధికారిగా నియమించాడు. కారేహ కుమారుడైన యోహానాను మిస్పాకు వచ్చి, ఇష్మాయేలు నిన్ను చంపడానికి పంపబడ్డాడని అతన్ని హెచ్చరించాడు. గెదల్యా నమ్మలేదు. రహస్యంగా మళ్ళీ చెప్పినా, ఇష్మాయేలును గురించి నీవు అబద్ధమాడుతున్నావని కసరి పంపాడు. ఏడవ నెలలో ఇష్మాయేలు పదిమందితో వచ్చి, అతనితో కలిసి భోజనం చేసి, అతన్ని చంపాడు. మరునాడు షెకెము, షిలోహు, షోమ్రోనుల నుండి నైవేద్యాలు తెస్తున్న 80 మంది యాత్రికులు దొరికితే వారిలో పదిమందిని తప్ప అందరినీ చంపి గోతిలో పడవేశాడు. యూదులు నేటికీ తిష్రీ నెల మూడవ దినాన గెదల్యా పేరున ఉపవాసం ఉంటారు.

తల్ముదు (నిద్దా 61అ) ఈ కథలో ఒక విచిత్రమైన మాటను పట్టుకొంది. యిర్మీయా 41:9లో ఆ శవాల గోతిని గురించి చెప్పేచోట హెబ్రీ మూలం 'గెదల్యా చేతితో' అనే అర్థమిచ్చే పదాలను వాడుతుంది. చంపినది ఇష్మాయేలు కదా, గెదల్యా చేయి ఎక్కడ నుండి వచ్చింది? అప్పటికి గెదల్యా కూడా శవమే. రబ్బీల జవాబు కఠినంగా ఉంటుంది: యోహానాను హెచ్చరికను లక్ష్యపెట్టవలసినవాడు లక్ష్యపెట్టలేదు గనుక ఆ హత్యలు అతడే చేసినట్లు లేఖనం ఎంచింది. దాని వెంటనే రబ్బీ రావా పేరున ఒక సూత్రం వస్తుంది. కొండెమును నమ్మరాదు, అయినా దాని విషయంలో జాగ్రత్త పడితీరాలి.

ఈ వ్యాసంలో పాఠకులు ఒక్క సంగతే గుర్తుంచుకొంటే ఆ సూత్రాన్ని గుర్తుంచుకోమంటాను. గెదల్యా చెడ్డవాడు కాదు. తోటి యూదుని గూర్చి చెడు నమ్మనని పట్టుబట్టిన మంచి నాయకుడు. ఆ మంచితనమే గోతిని నింపింది. నమ్మడం వేరు, జాగ్రత్తపడడం వేరు అని అతడు తెలుసుకోలేదు. ఇష్మాయేలును బంధించనవసరం లేదు, కావలివారిని ఉంచుకొంటే సరిపోయేది.

అదే పుటలో రబ్బీ తర్ఫోను కథ ఉంది. నరహత్య చేశారన్న పుకారు పుట్టిన కొందరు గలిలయ వారు ఆయన దగ్గరకు వచ్చి తమను దాచిపెట్టమన్నారు. దాచకపోతే పట్టుబడతారు, దాచితే, పుకారును లక్ష్యపెట్టాలన్న జ్ఞానుల మాట ఏమవుతుంది? మీరే వెళ్ళి దాగుకోండి అన్నాడాయన. వారిని దోషులనలేదు, పట్టి అప్పగించలేదు. తన ఇంటి కప్పును మాత్రం వారికి ఇవ్వలేదు. ఆరోపణ వచ్చిన తోటి సేవకుని వేరే పాస్టరేటుకు గుట్టుగా బదిలీ చేయించే పెద్దలకు ఈ చిన్న కథ చదివి వినిపించాలనిపిస్తుంది.

రాదున్ రబ్బీ పెట్టిన షరతులు

పందొమ్మిదవ శతాబ్దం వరకు ఈ బోధలన్నీ గ్రంథాలలో చెదరి ఉండేవి. వాటిని ఒకచోట చేర్చి, ఏది మాట్లాడవచ్చు, ఏది కూడదు అని దైనందిన జీవితానికి వర్తింపజేసినవాడు రబ్బీ ఇస్రాయేల్ మేయిర్ కగాన్. నేటి బెలారూస్‌లో ఉన్న రాదున్ అనే చిన్న ఊరు ఆయనది. 1873లో విల్నాలో వెలువడిన ఆయన పుస్తకం పేరు 'హఫేత్స్ హయ్యిమ్', అనగా జీవమును కోరువాడు. 34వ కీర్తనలో నాలుకను కాచుకొమ్మని చెప్పే భాగం నుండి తీసుకొన్న పేరది. ఆ పేరే రచయితకు స్థిరపడింది. 1933లో ఆయన కన్నుమూసేనాటికి ఆయనను సొంత పేరుతో పిలిచేవారు తక్కువ.

ఆ పుస్తకమంటే మాట్లాడవద్దు అని మాత్రమే చాలామంది అనుకొంటారు. అందులో మాట్లాడవలసిన సందర్భాలకు కూడా పూర్తి అధ్యాయాలున్నాయి. ఒకడు మరొకనికి హాని చేశాడు, హాని పొందినవానికి సహాయం చేయడానికి ఆ సంగతి చెప్పాలి – అందుకు ఆయన ఏడు షరతులు పెట్టాడు. చెప్పేవాడు స్వయంగా చూసి ఉండాలి, లేదా విచారించి నిర్ధారించుకోవాలి. అది నిజంగా తప్పేనా అని ఆలోచించాలి, తొందరపడకూడదు. ముందు తప్పు చేసినవానినే మృదువుగా మందలించాలి. ఉన్నదానికన్న పెంచి చెప్పకూడదు. ఉద్దేశం మేలు చేయడమే కావాలి, పగ కాదు. చెప్పకుండానే ఆ మేలు జరిగే దారి ఉంటే ఆ దారినే పోవాలి. చివరిది, న్యాయసభ విధించదగిన దానికన్న ఎక్కువ నష్టం అతనికి కలిగించకూడదు. ఆకాశరామన్న ఉత్తరం ఒకటి తీసుకొని ఈ ఏడింటితో కొలిచి చూడండి. చాలావరకు మూడవదాని దగ్గరే ఆగిపోతుంది.

కాపరులకు రోజూ ఎదురయ్యే రెండు సంగతులను కూడా ఆయన తడిమాడు. ఒకటి, ఇద్దరు కలిసి వ్యాపారం పెట్టబోతున్నారు, అందులో ఒకడు మోసగాడని నీకు తెలుసు. చెప్పాలి, చెప్పకపోతే ఊరక నిలువబడినట్లే. రెండవది పెళ్ళి సంబంధం. వరునికి లోపలి జబ్బు ఏదైనా తీవ్రమైనది ఉండి, అవతలివారికి తెలియకపోతే షరతులకు లోబడి తెలియజేయాలి. అతనికి తెలివి కొంచెం తక్కువ అన్నలాంటి సంగతులు మాత్రం చెప్పనక్కరలేదు, వారు చూసుకొంటారు. అబ్బాయి ఎలాంటివాడండీ, ప్రార్థనకు వస్తాడా అని అమ్మాయి తండ్రి ఫోను చేసినప్పుడు, తాగుడు సంగతి తెలిసి కూడా, మంచి కుటుంబమండీ అని తప్పించుకొన్న అనుభవం మనలో ఎందరికి లేదు? హఫేత్స్ హయ్యిమ్ లెక్కలో అది నాలుకను కాచుకోవడం కాదు.

షరతులు గోడలైనప్పుడు

ఇంత సమతూకంగా కట్టిన బోధ ఎలా దారి తప్పింది? సమాజంలో ప్రచారమైనది పుస్తకంలోని సగమే. మాట్లాడకుండడం పిల్లలకు సులువుగా నేర్పవచ్చు. దిండు చింపి ఈకలు గాలికి వదిలి మళ్ళీ ఏరుకొని రమ్మన్న రబ్బీ కథ చిన్న క్లాసులోనే చెబుతారు (మన సండే స్కూళ్ళలోకి కూడా వచ్చిందది). ఎప్పుడు మాట్లాడాలన్న అధ్యాయాలు మాత్రం పెద్దల చదువుకు మిగిలిపోయాయి.

దానికి తోడు 'మెసిరా' అనే మరో నియమం ఉంది. తోటి యూదుని అన్యుల ప్రభుత్వానికి పట్టి అప్పగించకూడదు. ఇది పుట్టిన కాలంలో అర్థవంతమైనదే. ఒక యూదుడు రాజభటుల చేతికి చిక్కితే న్యాయవిచారణ లేకుండా ఆస్తి, ప్రాణం రెండూ పోయే రోజులవి. పందొమ్మిదవ శతాబ్దం చివరిలో రష్యా సామ్రాజ్యంలో రబ్బీ యెహీయేల్ మీఖల్ ఎప్‌స్టైన్ తన 'అరూఖ్ హషుల్హాన్'లో, ఆ నియమం దోపిడీ పాలకులున్న కాలానికి సంబంధించినదని వ్రాశాడు. ప్రభుత్వపు సెన్సారుకు జడిసి అలా వ్రాశాడని కొందరు పండితులు, మనస్ఫూర్తిగానే వ్రాశాడని మరికొందరు నేటికీ వాదించుకొంటారు. వాదం ఎటు తేలినా, చట్టబద్ధమైన కోర్టులున్న దేశాలలో కూడా పోలీసులకు చెప్పడం ద్రోహమన్న భయం సమాజపు నరాలలో నిలిచిపోయింది.

ఫలితం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. అమెరికాలో ఒక పేరున్న యూదు యువజన సంస్థ నాయకుడైన రబ్బీ మీద ఆరోపణలు రాగా 1989లో ముగ్గురు రబ్బీల న్యాయసభ విచారణ జరిపింది. ఆయన ఆ తరువాత కూడా పిల్లల మధ్యనే పనిచేస్తూ వచ్చాడు. 2000 జూన్‌లో న్యూయార్కులోని 'ది జూయిష్ వీక్' పత్రిక సంపాదకుడు గ్యారీ రోజెన్‌బ్లాట్ బాధితుల మాటలను ప్రచురించాడు. వెంటనే వచ్చిన నిందలలో ఒకటి, ఊహించదగినదే: ఇది లషోన్ హరా. అదే ఏడాది డిసెంబరులో ఆ సంస్థ నియమించిన సంఘం నివేదిక, ఆరోపణలు నిజమని, నాయకత్వం ఏళ్ళ తరబడి విఫలమయ్యిందని తేల్చింది. 2002లో న్యూజెర్సీ కోర్టు ఆ వ్యక్తిని దోషిగా నిర్ణయించింది. 1989 నాటి ముగ్గురిలో ఒకరైన రబ్బీ యోసెఫ్ బ్లౌ తమ తీర్పు పొరపాటని బహిరంగంగా ఒప్పుకొని, ఆ తరువాత బాధితుల పక్షాన మాట్లాడేవారిలో ముందు నిలిచారు. తీర్పు చెప్పిన పెద్దలు తప్పు ఒప్పుకోవడం ఏ మతంలోనైనా అరుదే.

ఆస్ట్రేలియాలో 2015లో రాయల్ కమిషన్ మెల్‌బోర్న్, సిడ్నీలలోని యెషీవా సంస్థల మీద బహిరంగ విచారణ జరిపినప్పుడు మెసిరా, లషోన్ హరా అన్న హెబ్రీ పదాలు న్యాయవాదుల నోట పదేపదే వినిపించాయి. బాధితులు, వారి కుటుంబాలు నోరు విప్పడానికి ఈ బోధలు ఎలా అడ్డు వచ్చాయో సాక్ష్యాలలో బయటపడింది. అదే నగరంలో మరో బాలికల పాఠశాల ప్రిన్సిపాల్ మీద 2008లో ఆరోపణ రాగానే ఆమె రాత్రికి రాత్రే ఇశ్రాయేలుకు వెళ్ళిపోయింది. ఆమెను తిరిగి రప్పించడానికి 2021 జనవరి వరకు పట్టింది. 2023లో ఆమెకు 15 సంవత్సరాల శిక్ష పడింది. ఆ ముగ్గురు అక్కచెల్లెళ్ళు పదిహేనేళ్ళు ఎదురుచూశారు.

రుజువు వేరు, రక్షణ వేరు

ఈ పరిస్థితిలో ధర్మశాస్త్ర పండితులు బయటి నుండి కొత్త సిద్ధాంతం తెచ్చుకోలేదు, పాత గ్రంథాలనే తిరిగి తెరిచారు. మనకు పాఠమయ్యేది ఇక్కడే.

ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలన్న నియమం (ద్వితీ. 19:15) సంగతి చూద్దాం. పిల్లల మీద జరిగే నేరాన్ని ఇద్దరు సాక్షులు ఎప్పుడు చూస్తారు? ఆ నియమం న్యాయసభ శిక్ష విధించడానికి సంబంధించినది, ఆపదను అడ్డుకోవడానికి కాదు అని వారు చూపించారు. పదహారవ శతాబ్దంలో క్రాకోవ్ నగర రబ్బీ మోషే ఇస్సెర్లెస్ కూడా, అర్హులైన సాక్షులు సాధారణంగా ఉండని చోట జరిగినవాటి విషయంలో మామూలుగా సాక్ష్యానికి తీసుకోనివారి మాటను సైతం అంగీకరించే పాత కట్టుబాటును నమోదు చేశాడు. ఇక ప్రాణాపాయం విషయంలో అనుమానమే చాలు. గోడ కూలినచోట లోపల మనిషి ఉన్నాడో లేడో, బ్రతికి ఉన్నాడో లేడో తెలియకపోయినా సబ్బాతు దినాన రాళ్ళు తొలగించాలని మిష్నా (యోమా 8:7) ఎప్పుడో చెప్పింది.

ముందు తప్పు చేసినవానినే మందలించాలన్న మూడవ షరతు సంగతి? మందలింపును లక్ష్యపెట్టడని తెలిస్తే అది అవసరం లేదని హఫేత్స్ హయ్యిమ్ తానే వ్రాశాడు. పసిపిల్లవానిని చెరచినవాని దగ్గరకు వెళ్ళి ఒంటరిగా బుద్ధి చెబితే సాక్ష్యం మాసిపోతుంది, బాధితుని నోరు నొక్కబడుతుంది.

2004లో యెరూషలేములోని రబ్బీ యోసెఫ్ షాలోమ్ ఎల్యాషీవ్ – అత్యంత సంప్రదాయ వర్గాలకు చివరి మాట ఆయనది – పిల్లలపై జరిగే ఇటువంటి నేరాన్ని ప్రభుత్వానికి తెలియజేయవచ్చునని, అది లోకానికి మేలని తీర్పు వ్రాశారు. ఒక హద్దు మాత్రం పెట్టారు. హెబ్రీలో దానిని 'విషయానికి కాళ్ళుండాలి' అంటారు, అనగా అనుమానానికి ఏదో ఆధారం ఉండాలి. ఉత్త ఊహతో ఒక మనిషి జీవితాన్ని పాడుచేయకూడదు. ఈ హద్దు న్యాయమైనదే, తప్పుడు నిందతో కూలిన సేవకుని కుటుంబాన్ని చూసినవారికి తెలుస్తుంది. ఆ కాళ్ళు ఉన్నాయో లేవో ఎవరు చూడాలి అన్నచోట భేదం వచ్చింది. 2011లో అమెరికాలోని అగుదత్ ఇస్రాయేల్ సంస్థ, సందేహమున్న కేసులలో ముందు అనుభవంగల రబ్బీని సంప్రదించాలన్నది. ఆధునిక ఆర్థొడాక్సు రబ్బీల కౌన్సిలు, సహేతుకమైన అనుమానం ఉన్నవారు వెంటనే అధికారులకు చెప్పడమే మతపరమైన విధి అన్నది. నా మట్టుకు రెండవదే గెదల్యా కథను సరిగా చదివిందనిపిస్తుంది. గెదల్యా కూడా అనుభవంగల నాయకుడే. ఇష్మాయేలును ఎరిగినవాడే. ఎరిగి ఉండడమే అతన్ని మోసం చేసింది.

మన సంఘాల్లో

మన దగ్గర హెబ్రీ పదాలు లేవు గాని వచనాలున్నాయి. తప్పు చేసినవానిని ముందు ఒంటరిగా కలవాలన్న మత్తయి 18:15, పెద్దమీద నింద ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే అంగీకరించరాదన్న 1 తిమోతి 5:19, విశ్వాసులు అన్యుల ఎదుట వ్యాజ్యెమాడడాన్ని పౌలు గద్దించిన 1 కొరింథీ 6 – ఈ మూడూ కలిస్తే యూదుల సమాజంలో లషోన్ హరా, మెసిరా కలిసి చేసిన పనే చేస్తాయి. మత్తయి 18లో ఆ వచనానికి కొంచెం పైనే, ఈ చిన్నవారిలో ఒకనిని అభ్యంతరపరచువాని మెడకు తిరుగటిరాయి కట్టే మాట ఉందని మనం మరచిపోతుంటాం. 1 తిమోతి 5:20లో, పాపము చేసినవారిని అందరి ఎదుట గద్దించమన్న మాటా అంతే. సాక్షుల నియమం పెద్దను శిక్షించడానికా, పిల్లవానిని అతని దగ్గర నుండి తప్పించడానికా అన్న ప్రశ్నను వేదాంత విద్యార్థులు గ్రీకు మూలంతో పెట్టుకొని పరిశీలించదగినది. 1 కొరింథీలోని వ్యాజ్యెములు లౌకిక వ్యవహారాలని పౌలే అక్కడ అంటున్నాడు. నేరం సంగతి రోమా 13లో వస్తుంది.

చట్టం సంగతి కూడా ప్రతి కాపరికి తెలిసి ఉండాలి, మనలో చాలామంది హాస్టళ్ళు, బోర్డింగు స్కూళ్ళు, అనాథ శరణాలయాలు నడుపుతున్నాం గనుక. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతున్నదన్న భయం కలిగినా ఎవరైనా సరే పోలీసులకు తెలియజేయాలి. చెప్పకపోతే 21వ సెక్షను కింద ఆరు నెలల వరకు శిక్ష ఉంటుంది. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాచితే ఏడాది వరకు శిక్ష, జరిమానా. మంచి మనసుతో సమాచారమిచ్చినవానిమీద కేసు ఉండదని అదే 19వ సెక్షను రక్షణ ఇస్తుంది. ద్వేషంతో తప్పుడు ఫిర్యాదు చేసినవానికి 22వ సెక్షను శిక్ష విధిస్తుంది. పిల్లలు ఇచ్చిన తప్పుడు సమాచారానికి మాత్రం వారికి శిక్ష లేదు. ఇక్కడ నమ్మడం, నిర్ధారించడం మన పని కాదు, అది విచారణాధికారులది. మనకు చట్టం ఒప్పగించింది రబ్బీ రావా చెప్పిన పనే.

సంఘ కార్యదర్శులు, పెద్దలు చేయగలిగినది ఒకటి చెప్పి ముగిస్తాను. సేవకుని ఒక చోట నుండి మరో చోటికి పంపేటప్పుడు ఇచ్చే సిఫారసు ఉత్తరం గూర్చి హఫేత్స్ హయ్యిమ్ వ్యాపార భాగస్వామ్య నియమమే వర్తిస్తుంది. అవతలి సంఘం తన పిల్లలను ఇతనికి అప్పగించబోతున్నది. విచారణలో ఉన్న ఆరోపణ ఏదైనా ఉంటే, పెంచకుండా, తగ్గించకుండా, ఫలానా తేదీన ఫలానా ఫిర్యాదు వచ్చింది, ఇంకా తేలలేదు, తేలేవరకు పిల్లల పని ఇతనికి ఇవ్వవద్దు అని రెండు పంక్తులు వ్రాయవచ్చు. అందులో అతన్ని దోషి అన్న మాట ఎక్కడా లేదు. ఆ రెండు పంక్తులు వ్రాయలేని పక్షంలో ఆ ఉత్తరం మీద సంతకం చేయకుండా ఉండే స్వాతంత్ర్యం కార్యదర్శికి ఎలాగూ ఉంది.